మీ కొత్త ఎలక్ట్రిక్ కారును మోసుకొస్తున్న ఓడ ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

ఎలక్ట్రిక్ కారుకు డబ్బు కట్టి వారాల తరబడి ఎదురుచూస్తున్నవారు ఎన్నిసార్లు అడిగినా వచ్చే జవాబు ఒకటే: ‘రవాణాలో ఉంది’. ఆ మాట వెనుక పన్నెండంతస్తుల మేడంత ఓడ, ఇరవై మందికి పైగా నావికులు, వేల మైళ్ల సముద్రం ఉన్నాయి. ఆ ఓడ ఈ రోజు ఏ తీరం పక్కన నడుస్తోందో ఎవరైనా ఖర్చు లేకుండా ఫోనులోనే చూడవచ్చు. అయితే ఒక్క విషయం మొదటే మనసులో పెట్టుకోవాలి. పటం మీద మీకు కనిపించే చుక్క ఓడది, మీ కారుది కాదు. ఈ తేడా మరిచిపోయిన వారే తేదీలు నమ్ముకుని బాధపడతారు.

మొదటి మెట్టు: కారు ఎక్కడ పుట్టిందో చూడండి

కారు కేటాయించగానే మీకు చాసిస్ నంబరు ఇస్తారు. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17 ఉంటాయి. ఒకటి, సున్నాలతో పొరపాటు పడకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నాయే. మొదటి అక్షరం తయారీ ప్రాంతాన్ని చెబుతుంది: ఎల్ అయితే చైనా, కె అయితే దక్షిణ కొరియా, జె అయితే జపాన్, డబ్ల్యూ అయితే జర్మనీ. టెస్లా కార్లలో ఎల్ఆర్‌డబ్ల్యూతో మొదలయ్యేవి షాంఘై కర్మాగారంలో, ఎక్స్‌పీ7తో మొదలయ్యేవి బెర్లిన్ దగ్గరి కర్మాగారంలో తయారైనవి.

ఇది చూడకుండా ఓడల వెంట పడితే శ్రమ వృథా. మీరు ఐరోపాలో ఉండి, కారు బెర్లిన్ దగ్గర తయారై ఉంటే, అది లారీలోనో రైలులోనో వచ్చే అవకాశమే ఎక్కువ. వెతకడానికి అసలు ఓడే ఉండకపోవచ్చు. ఇంకో మాట: పూర్తి చాసిస్ నంబరును బహిరంగంగా ఎక్కడా పెట్టకండి. మోసగాళ్లకు అది పనికొచ్చే సమాచారం.

రెండో మెట్టు: ఓడ పేరు సంపాదించండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. డీలరును ‘కారు ఎప్పుడొస్తుంది?’ అని అడిగితే ఒక అంచనా చెప్పి పంపుతారు. దానికి బదులు మూడు విషయాలు విడివిడిగా అడగండి: ఓడ పేరు, దాని ఐఎంఓ నంబరు (ఓడకు శాశ్వతంగా ఉండే గుర్తింపు సంఖ్య), కారును దించే రేవు. సరుకు ఓడకెక్కినప్పుడు రాసే బిల్ ఆఫ్ లేడింగ్ అనే పత్రంలో ఓడ పేరు, ప్రయాణ సంఖ్య ఉంటాయి. ఆ పత్రం మీ చేతికి రాకపోయినా దిగుమతి చేసుకునేవారి దగ్గర ఉంటుంది. ఏమి అడగాలో తెలిసినవారికి జవాబు కూడా స్పష్టంగా వస్తుంది.

చెప్పకపోతే మీరే ఊహించాలి. కొత్త కార్లను ఎక్కువగా రోరో ఓడల్లో పంపుతారు. వీటికి క్రేన్లు అక్కర్లేదు. వెనుకో పక్కనో ఉన్న వాలు వంతెన దింపితే కార్లు చక్రాల మీదే లోపలికి వెళ్తాయి, చక్రాల మీదే బయటికి వస్తాయి. ఓడల పటం చూపే వెబ్‌సైట్లలో మెరైన్‌ట్రాఫిక్, వెసెల్‌ఫైండర్ అందరికీ తెలిసినవి. అందులో మీ కారు బయల్దేరే రేవును తెరిచి, గత రెండు వారాల్లో అక్కడి నుంచి వెళ్లిన వాహన ఓడల జాబితా తీయండి. షాంఘై వంటి చోట కార్ల టెర్మినళ్లు ఒకటికి మించి ఉన్నాయి కాబట్టి ఊరి పేరుతో ఆగకుండా టెర్మినల్ దాకా చూడాలి.

ఓడల పేర్లకు ఇంటిపేర్లు ఉంటాయని గమనించారా? చివర ‘లీడర్’ ఉంటే సాధారణంగా జపాన్‌కు చెందిన ఎన్‌వైకే వారిది, ‘ఏస్’ ఉంటే ఎంఓఎల్ వారిది, ‘హైవే’ ఉంటే కె లైన్ వారిది. ‘గ్లోవిస్’ అని మొదలైతే హ్యుందాయ్ గ్లోవిస్ నడిపేది, ‘గ్రాండే’ అని మొదలైతే ఇటలీకి చెందిన గ్రిమాల్డి వారిది. చైనా కంపెనీ బీవైడీ తన ఎగుమతుల కోసం సొంత ఓడలే కట్టించుకుంది. వాటి పేరులోనే బీవైడీ అని ఉంటుంది. ఆ పేరుతో మొదట బయల్దేరిన బీవైడీ ఎక్స్‌ప్లోరర్ నం.1 ఏడు వేల కార్లు పట్టే ఓడ. 2024 జనవరిలో షెన్‌జెన్ నుంచి బయల్దేరి ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని వ్లిస్సింగెన్‌కు, ఆ తర్వాత జర్మనీలోని బ్రెమెర్‌హాఫెన్‌కు చేరింది. సొంత ఓడలున్న కంపెనీ కారు కొన్నవారికి వెతుకులాట చాలా తేలిక.

వాహన ఓడలు చాలనప్పుడు కార్లను కంటైనర్లలో పెట్టి పంపడం కూడా ఉంది. అప్పుడు ఓడ పేరు కంటే కంటైనరు నంబరే మేలు. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉండే ఆ నంబరును రవాణా సంస్థ వెబ్‌సైటులో వేస్తే కంటైనరు ఏ ఓడలో ఉందో, ఏ రేవులో దిగిందో కనిపిస్తుంది. నిజానికి ఈ దారిలో వచ్చే సమాచారం మీ కారుకు మరింత దగ్గరగా ఉంటుంది.

మూడో మెట్టు: పేరును కాదు, ఐఎంఓ నంబరును నమ్మండి

ఒకే పేరుతో రెండు మూడు ఓడలు ఉండవచ్చు. ఓడ చేతులు మారితే పేరు మారుతుంది, జెండా మారుతుంది. మారనిది ఏడంకెల ఐఎంఓ నంబరు ఒక్కటే. కట్టినప్పటి నుంచి విరిచే దాకా ఓడకు అదే నంబరు. ఎవరైనా చెప్పిన నంబరు సరైనదో కాదో కాగితం మీదే సరిచూడవచ్చు. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2లతో గుణించి కూడండి. మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒకటే కావాలి. ఉదాహరణకు 9074729 తీసుకుంటే 63, 0, 35, 16, 21, 4 కలిపి 139. చివర 9 వచ్చింది, నంబరు చివర కూడా 9 ఉంది. సరిపోయింది.

నాలుగో మెట్టు: తెర మీద ఉన్నదాన్ని చదవడం నేర్చుకోండి

అంతర్జాతీయ ప్రయాణాలు చేసే, 300 గ్రాస్ టన్నులకు తగ్గని ప్రతి ఓడలోనూ ఏఐఎస్ అనే రేడియో పరికరం తప్పనిసరి. 2004 చివరికల్లా ఈ నియమం పూర్తిగా అమలులోకి వచ్చింది. ఓడలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా ఉండడానికి పెట్టిన పరికరం ఇది. నడుస్తున్నప్పుడు కొన్ని సెకన్లకొకసారి, లంగరు వేసి ఉన్నప్పుడు మూడు నిమిషాలకొకసారి తన స్థానాన్ని ప్రకటిస్తూ ఉంటుంది. తీరాల వెంబడి ఉన్న యాంటెనాలు ఆ సంకేతాన్ని పట్టుకుంటాయి. మనం చూసే పటం అలా తయారైనదే.

తీరం నుంచి సుమారు 40 నాటికల్ మైళ్లు దాటితే ఆ యాంటెనాలకు సంకేతం అందడం కష్టం. నడిసముద్రంలో ఉపగ్రహాలే పట్టుకోవాలి. ఆ సమాచారానికి వెబ్‌సైట్లు సాధారణంగా రుసుము అడుగుతాయి. కాబట్టి ఉచితంగా చూసేవారికి ఓడ హిందూ మహాసముద్రం మధ్యలో రోజుల తరబడి ఒకేచోట ఆగినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి. ఓడ ఆగలేదు, కబురు ఆగింది. ‘చివరిసారి సంకేతం అందిన సమయం’ అన్న గడిని అన్నిటికంటే ముందు చూడడం అలవాటు చేసుకోండి. ఆ సమయం నుంచి ఎన్ని గంటలు గడిచాయో లెక్కించి వేగంతో గుణిస్తే ఇప్పుడు ఎంత దూరం వెళ్లి ఉంటుందో తెలుస్తుంది. వేగాన్ని నాట్స్‌లో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 16 నాట్స్ వేగంతో వెళ్లే ఓడ మూడు రోజుల్లో 1,152 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 2,130 కిలోమీటర్లు దాటేస్తుంది.

స్థానం, వేగం, దిశ పరికరం నుంచి వాటంతటవే వస్తాయి. గమ్యం, చేరే సమయం, ఓడ నీటిలో మునిగిన లోతు మాత్రం సిబ్బంది చేత్తో నింపేవి. పని ఒత్తిడిలో పాత రేవు పేరే ఉండిపోవచ్చు. రేవులను తరచూ ఐదక్షరాల సంకేతాలతో రాస్తారు: ఎన్‌ఎల్‌ఆర్‌టీఎం అంటే నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్, సీఎన్‌ఎస్‌హెచ్‌ఏ అంటే చైనాలోని షాంఘై. మొదటి రెండక్షరాలు దేశానివి. చేరే సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో రాస్తారు కాబట్టి మీ గడియారానికి మార్చుకోవాలి. మునిగిన లోతు తగ్గింది కాబట్టి కార్లు దించేశారని కొందరు తేల్చేస్తుంటారు. నేను దాన్ని నమ్మను. కార్ల ఓడ పరిమాణంతో పోలిస్తే సరుకు బరువు తక్కువ, పైగా నిలకడ కోసం నీటిని కూడా నింపుకుంటుంది. ఆ నీటిని నింపినా తోడినా లోతు మారుతుంది.

ఐదో మెట్టు: తేదీని మీరే లెక్క వేయండి

షాంఘై నుంచి రోటర్‌డామ్‌కు సూయజ్ కాలువ మీదుగా సుమారు 10,500 నాటికల్ మైళ్లు. ఆఫ్రికా కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రం చుట్టి వస్తే దాదాపు 14,000. 16 నాట్స్ వేగంతో లెక్క వేస్తే మొదటి దారిలో 27 రోజులు, రెండో దారిలో 36 రోజులు పడతాయి. ఇది మధ్యలో ఎక్కడా ఆగకుండా వస్తేనే.

ఈ తేడా ఊరికే చెప్పడం లేదు. 2023 నవంబరు 19న ఎర్ర సముద్రంలో గెలాక్సీ లీడర్ అనే కార్ల ఓడను యెమెన్‌కు చెందిన సాయుధ హూతీలు పట్టుకున్నారు. దాని సిబ్బంది 25 మంది ఏడాదికి పైగా బందీలుగా ఉండి, 2025 జనవరిలో విడుదలయ్యారు. ఆ సంఘటన తర్వాత ఎన్నో సంస్థలు తమ ఓడలను ఆఫ్రికా చుట్టూ మళ్లించాయి. అందుకే ఓడ సింగపూర్ దాటి హిందూ మహాసముద్రంలోకి రాగానే దాని దిశ చూడండి. పడమరగానో వాయువ్యంగానో ఏడెన్ వైపు సాగితే సూయజ్ దారి. నైరుతిగా మడగాస్కర్ వైపు తిరిగితే మీ తేదీకి తొమ్మిది పది రోజులు కలుపుకోవాలి. గమ్యం గడిలో ఏమి రాసి ఉన్నా దిశ అబద్ధమాడదు.

ప్రమాదకరమైన ప్రాంతాల్లో కెప్టెన్లు ఏఐఎస్‌ను ఆపేయడమూ ఉంది. కొన్ని చోట్ల ఉపగ్రహ సంకేతాలను చెడగొట్టడం వల్ల ఓడ ఎడారిలో ఉన్నట్టో, ఒకేచోట గుండ్రంగా తిరుగుతున్నట్టో కనిపిస్తుంది. ఒకటి రెండు రోజులు ఆగి చూస్తే సర్దుకుంటుంది. ఎప్పుడో ఒకసారి నిజమైన ఆపద కూడా వస్తుంది. 2022 ఫిబ్రవరిలో దాదాపు నాలుగు వేల కార్లతో వెళ్తున్న ఫెలిసిటీ ఏస్ అజోర్స్ దీవుల దగ్గర అంటుకుని, మార్చి 1న మునిగిపోయింది. 2025 జూన్‌లో అలాస్కా సమీపంలో మార్నింగ్ మిడాస్‌కు అదే గతి పట్టింది. రెండు ఓడల్లోనూ 22 మంది చొప్పున ఉన్న సిబ్బంది అంతా ప్రాణాలతో బయటపడ్డారు. అలాంటి వార్త చూసినప్పుడు ముందు వెతకాల్సింది ఆ మనుషుల గురించే. కారు మళ్లీ తయారవుతుంది.

ఆరో మెట్టు: రేవు దగ్గరికి వచ్చాక

ఓడ మీ దేశపు తీరం చేరిందని సంబరపడే ముందు అది అక్కడ మొదట ఏ రేవులో ఆగుతుందో చూడండి. ఒకే ప్రయాణంలో మూడు నాలుగు రేవులు తాకడం మామూలే. మీ కారు దిగేది చివరి రేవులో కావచ్చు. చాలా రేవు సంస్థలు రాబోయే ఓడల పట్టికను తమ వెబ్‌సైటులో పెడతాయి. రేవు దగ్గరపడ్డాక ఓడ ప్రకటించే సమయం కంటే ఆ పట్టికనే నేను ఎక్కువ నమ్ముతాను. అందులో బెర్తు (ఓడను కట్టే గట్టు) సంఖ్య కూడా ఉంటే మరీ మంచిది.

పటం మీద ‘లంగరు వేసి ఉంది’ అని కనిపిస్తే బెర్తు కోసం బయట ఎదురుచూస్తోందని అర్థం. ‘కట్టి ఉంది’ అని మారితే గట్టుకు చేరినట్టు. ఆస్ట్రేలియాకు వచ్చే కార్లకు ఇంకో గండం ఉంది. విత్తనాలు, మట్టి, పురుగులు దేశంలోకి రాకుండా అక్కడ కఠినంగా తనిఖీ చేస్తారు. సెప్టెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 మధ్య కొన్ని దేశాల నుంచి బయల్దేరే వాహనాలకు ఒక రకం కంపు నల్లి భయంతో అదనపు నియమాలు వర్తిస్తాయి. ఏదైనా దొరికితే కార్లన్నీ శుభ్రం చేసేదాకా కదలవు. కొన్నిసార్లు ఓడకే అనుమతి దొరకదు.

గట్టుకు చేరాక దించడం వేగంగానే సాగుతుంది. డ్రైవర్లు జట్లుగా లోపలికి వెళ్లి, కట్లు విప్పిన కార్లను ఒక్కొక్కటిగా నడుపుకొచ్చి ఆవరణలో వరసగా నిలుపుతారు. ఒక వ్యాను వారిని మళ్లీ ఓడలోకి తీసుకెళ్తుంది. ఇలా వేల సార్లు. ఆ రాత్రికే ఓడ తరువాతి రేవుకు వెళ్లిపోవచ్చు. ఇక దాన్ని చూడడం మానేయండి. మీ కారు నేల మీద ఉంది, కస్టమ్స్ అనుమతి, తనిఖీ, ఛార్జింగ్, లారీలో చోటు కోసం వేచి ఉంది. ఈ దశకు కొన్ని రోజులూ పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు, పటం మీద ఏదీ కనిపించదు. ఇప్పుడు డీలరుకు ఫోను చేసి ‘ఓడ ఫలానా రోజున దించి వెళ్లింది, కస్టమ్స్ అయిందా?’ అని అడగండి. పాత కారు అమ్మకాన్నీ సెలవునూ ఓడ చేరే తేదీతో ముడిపెట్టవద్దు. డెలివరీ తేదీ లిఖితపూర్వకంగా వచ్చాకే వాటి సంగతి.

కారు చేతికి వచ్చిన రోజు చాసిస్ నంబరును మీ కాగితంతో పోల్చుకోండి. సముద్ర ప్రయాణం కోసం టైర్లలో మామూలు కంటే ఎక్కువ గాలి నింపడం, కారును రవాణా మోడ్‌లో పెట్టడం మామూలు పద్ధతి. గాలిని సరైన స్థాయికి తెచ్చారో లేదో, ఆ మోడ్ తీసేశారో లేదో తాళం తీసుకునే ముందే అడిగి చూసుకోండి.