కారు సైలెన్సర్ పైపు: ఎక్కడ ఏ కోటింగ్ నిలుస్తుంది

సైలెన్సర్ పైపుకు పెయింట్ కొనేటప్పుడు చాలామంది డబ్బా మీది అంకె చూస్తారు. 650 కన్నా 1,100 డిగ్రీలది మంచిదనుకుని అదే తెచ్చుకుంటారు. ఆ పెద్ద అంకె చాలా డబ్బాల మీద కాసేపు తట్టుకోగల వేడి మాత్రమే, గంటల తరబడి తట్టుకునేది కాదు. దానికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది: ఆ పెయింట్ గట్టిపడటానికి ఎంత వేడి కావాలి, మీరు వేయబోయే చోటు అంత వేడెక్కుతుందా? ఇంజిన్ దగ్గర పెయింట్ కాలి పోతుంది, బంపర్ దగ్గర పచ్చిగా ఉండి పోతుంది.

పెట్రోల్ ఇంజిన్ మీద లోడ్ పడితే పొగ వేడి 800–900 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఇంజిన్ నుంచి పొగను అందుకునే మొదటి భాగమైన మానిఫోల్డ్ లోహం అంతకన్నా తక్కువలో ఉన్నా, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు 600 దాటడం మామూలే. టర్బో బండ్లలో ఇంకా ఎక్కువ. డీజిల్‌కు సాధారణంగా తక్కువ. పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ దాటాక వేడి పడిపోతూ వస్తుంది. మధ్య పైపు సుమారు 200–400, ఊళ్లో తిరిగే బండి వెనక సైలెన్సర్ అయితే 200 కూడా అందుకోకపోవచ్చు.

మీ బండిలో ఎంతో కొలుచుకోవడం మేలు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మెరిసే స్టీలును కొలిస్తే అసలు వేడి కన్నా బాగా తక్కువ చూపిస్తుంది. పైపు మీద రూపాయి బిళ్లంత మేర హై టెంపరేచర్ నలుపు పెయింట్ వేసి, ఆరాక ఆ మచ్చ మీదే గన్ గురిపెట్టండి. అరగంట హైవే మీద నడిపి, బండి ఆపగానే కొలవాలి.

దేనికి ఏది

స్ప్రే డబ్బాల్లో వచ్చేది ఎక్కువగా సిలికోన్ రెసిన్ పెయింట్. మొదటిసారి వేడెక్కినప్పుడు మెత్తబడుతుంది, పొగ వస్తుంది. ఇంకా వేడి పెరిగితే అందులోని సేంద్రియ భాగం కాలిపోయి, మిగిలిన సిలికా రంగు పొడిని లోహానికి పట్టి ఉంచుతుంది. అల్యూమినియం పొడి కలిసిన వెండి రంగుది 600 డిగ్రీల దాకా నమ్మకంగా పనిచేస్తుంది. మానిఫోల్డ్ తర్వాత కిందికి దిగే డౌన్‌పైప్‌కూ, మధ్య పైపుకూ ఇది చాలు. నలుపైతే హీట్ రెసిస్టెంట్ అని రాసి ఉన్నదే కొనండి. మామూలు నలుపులోని కార్బన్ ఆ వేడికి కాలిపోతుంది.

వెనక సైలెన్సర్‌కు ఇదే పెయింట్ వేస్తే చిక్కు. అక్కడి వేడికి అది పూర్తిగా ఉడకదు, పెట్రోల్ గుడ్డతో తుడిస్తే చేతికి వచ్చేస్తుంది. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో తుప్పు త్వరగా పట్టేదీ ఇక్కడే. ఈ భాగాన్ని విప్పి ఓవెన్‌లో కాల్చగలిగితేనే సిలికోన్ వేయండి, లేదంటే వేడి అవసరం లేకుండా గాలికి గట్టిపడే సిరామిక్ కోటింగ్ తీసుకోండి.

మానిఫోల్డ్‌కు స్ప్రే డబ్బా తాత్కాలికమే. అక్కడ స్ప్రే గన్‌తో వేసే పల్చని సిరామిక్ కోటింగ్ వేయించాలి. గాలికి ఆరే రకాల్లో 980 డిగ్రీల దాకా రేటింగ్ ఉన్నవి దొరుకుతాయి. బానెట్ కింద వేడి తగ్గించడమే మీ ఉద్దేశమైతే, ప్లాస్మా స్ప్రేతో (పొడిని కరిగించి చిమ్మే పద్ధతి) వేసే జిర్కోనియా అనే సిరామిక్ కోటింగ్ అసలైన మందు. అది ఖరీదైన పని, టర్బో బండికీ రేసు బండికీ తప్ప అక్కర్లేదు. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి కాల్చేది) మాత్రం ఎగ్జాస్ట్‌లో ఎక్కడా వద్దు, 200 డిగ్రీలు దాటితే పాడవుతుంది. గుడ్డ పట్టీలా చుట్టే ఎగ్జాస్ట్ ర్యాప్ తడిని పట్టి ఉంచి మామూలు స్టీలు పైపును లోపల్లోపలే తినేస్తుంది.

తయారీలోనే సగం పని

పోత ఇనుము మానిఫోల్డ్ రంధ్రాల్లో నూనె దాక్కుని ఉంటుంది. పైన తుడిస్తే పోదు. ముందు 250 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చి ఆ నూనె బయటికి రప్పించి, తర్వాత బ్లాస్టింగ్ (గరుకు రేణువులను గాలితో బలంగా కొట్టడం) చేయించాలి. 80–120 గ్రిట్ అల్యూమినియం ఆక్సైడ్ సరిపోతుంది. ఆటోనగర్‌లో బ్లాస్టింగ్ షెడ్డుకు ఇచ్చేటప్పుడు పైపులను ఒకదానికొకటి బిగించే ఫ్లాంజ్ ముఖాలకూ, పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్ మరలకూ టేపు వేయమని, పైపు నోళ్లు మూయమని చెప్పండి. లోపల మిగిలిన ఇసుక టర్బో బ్లేడ్లను కొట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ పైపుకైనా బ్లాస్టింగ్ తప్పదు, నున్నటి స్టీలును ఏ కోటింగూ పట్టుకోదు. అల్యూమినియం పూత ఉన్న సైలెన్సర్‌ను మాత్రం బ్లాస్ట్ చేయకండి, తుప్పు ఆపే ఆ పూత కాస్తా పోతుంది. ఎమరీతో లేతగా రుద్దితే చాలు.

తర్వాత అసిటోన్‌తో, పోగులు రాని గుడ్డతో రెండుసార్లు తుడవండి. ఇక ఆ భాగాన్ని వట్టి చేత్తో ముట్టుకోవద్దు. వేడెక్కాక వేలిముద్ర పడినచోటే పెచ్చు లేస్తుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అసలు వాడకండి. అది ఆరకముందే వేడి తగిలితే విషవాయువు పుడుతుంది. తుడిచిన కొద్ది గంటల్లోనే పెయింట్ వేసేయాలి. వానాకాలంలో ఆలస్యమైతే లేత తుప్పు మళ్లీ వచ్చేస్తుంది.

వేయడం, కాల్చడం

డబ్బా నిమిషం పైగా ఊపి, 25 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగా రెండు మూడు కోట్లు వేయండి. మొత్తం మందం 50 మైక్రాన్లు దాటకూడదు. మందంగా వేస్తే పైపొర ముందు మూసుకుపోతుంది, లోపలి ద్రావకం బయటికి రాలేక పొక్కులు లేస్తాయి. మామూలు ప్రైమర్ కింద వేస్తే అది ముందు కాలి, పైనున్న మంచి పెయింట్‌నూ తీసుకుపోతుంది.

కాల్చే పద్ధతి డబ్బా మీద ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. ఎక్కువగా చెప్పేది 120 డిగ్రీల దగ్గర అరగంట, చల్లార్చి 200 దగ్గర అరగంట, మళ్లీ చల్లార్చి 315 దగ్గర అరగంట. వంటింటి ఓవెన్ దీనికి పనికిరాదు, ఆ పొగ తిండికి అంటుకుంటుంది. ఓవెన్ లేకపోతే బండికి బిగించి, ఆరుబయట పది నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపండి. పూర్తిగా చల్లారాక మళ్లీ ఇరవై నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, ఆ తర్వాత మెల్లగా ఒక చుట్టు తిప్పండి. పొగా వాసనా వస్తాయి, కంగారు పడనక్కర్లేదు. అవి పూర్తిగా ఆగేదాకా గట్టిగా తొక్కవద్దు, నీళ్లు కొట్టవద్దు.

పెచ్చు ఊడితే దాని వెనక చూడండి. లోహం మెరుస్తూ ఉంటే గరుకు చాల్లేదు. గోధుమరంగు పొడి ఉంటే తుప్పు మీదే వేశారు. పెచ్చు లేకుండా రంగు తెల్లబడి పొడిగా రాలుతుంటే ఆ చోటు వేడి ఆ పెయింట్ శక్తిని మించింది, అక్కడ సిరామిక్‌కు మారాలి.

ఫ్లాంజ్ ముఖాలకూ, ముడతల ఫ్లెక్స్ పైపుకూ, ఆక్సిజన్ సెన్సార్‌కూ ఏ కోటింగూ తగలనీయకండి. పైపు లోపల సిలికోన్ పెయింట్ వేస్తే దాని ఆవిరి ఆ సెన్సార్‌ను శాశ్వతంగా పాడుచేస్తుంది.