1965 మస్టాంగ్‌కు మాన్యువల్ గేర్‌బాక్స్ ఎలా ఎంచుకోవాలి?

289 ఘనపు అంగుళాల వీ8 ఇంజిన్, సీ4 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వచ్చిన 1965 ఫోర్డ్ మస్టాంగ్‌ను మాన్యువల్‌కు మార్చదలచినవారు సాధారణంగా గేర్‌బాక్స్‌ల ధరలు వాకబు చేయడంతో మొదలుపెడతారు. నిజానికి ముందుగా చూడవలసింది వెనుక యాక్సిల్‌ను.

కారును స్టాండ్ల మీద భద్రంగా నిలిపి, రెండు వెనుక చక్రాలనూ కలిపి ఒకే దిశలో ఒక చుట్టు తిప్పినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌కు శక్తిని చేరవేసే కడ్డీ) ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించండి. అదే యాక్సిల్ నిష్పత్తి. ఈ కార్లలో తరచుగా 2.80 లేదా 3.00 కనిపిస్తుంది. ఎక్కువమంది ఎంచుకునే బోర్గ్‌వార్నర్ టీ5 అనే ఐదు గేర్ల గేర్‌బాక్స్‌లో, మస్టాంగ్ వీ8 రకానికి, మొదటి గేరు నిష్పత్తి 3.35, ఐదవదానిది 0.68. టైరు వ్యాసం 64 సెంటీమీటర్లనుకుంటే, 2.80 యాక్సిల్‌తో గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఐదవ గేరులో ఇంజిన్ నిమిషానికి సుమారు 1,580 చుట్లే తిరుగుతుంది. అంత తక్కువ చుట్ల దగ్గర చిన్న ఎత్తు వచ్చినా బండి లాగదు కనుక ఆ ఐదవ గేరు అలంకారప్రాయంగా మిగిలిపోతుంది. అదే 3.55 యాక్సిల్ అయితే దాదాపు 2,000 చుట్లు వస్తాయి. మొదటి గేరును యాక్సిల్‌తో గుణిస్తే 11.9 వస్తుంది కాబట్టి కారు సునాయాసంగా కదులుతుంది. ఈ లబ్ధం 10, 12 మధ్య ఉంటే మేలు. అందుచేత టీ5 కొనేవారు యాక్సిల్ గేర్లు మార్చే ఖర్చును కూడా మొదటే లెక్కలో వేసుకోవాలి.

హైవే ప్రయాణాలు తక్కువై, కారు తన కాలపు రూపంలోనే ఉండాలనుకుంటే ఫోర్డ్ నాలుగు గేర్ల టాప్‌లోడర్ సరిపోతుంది, దృఢమైనది కూడా. అయితే దానికి ఓవర్‌డ్రైవ్, అంటే హైవేపై ఇంజిన్ చుట్లను తగ్గించే గేరు, లేదు.

తరువాత టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, చూడాలి. రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న 289కి ఫోర్డ్ ప్రకటించిన టార్క్ 282 పౌండ్-అడుగులు. 1990–93 మస్టాంగ్ టీ5 తట్టుకోగల టార్క్ 300 పౌండ్-అడుగులు. ఇంజిన్‌ను మార్పులేమీ లేకుండా ఉంచితే ఇది చాలు. బలం పెంచే ఆలోచన ఉంటే 600 వరకు తట్టుకునే ట్రెమెక్ టీకేఎక్స్ గేర్‌బాక్స్ వైపు వెళ్లడమే వివేకం.

పాత టీ5 కొనేటప్పుడు పైరూపం చూసి నమ్మవద్దు. నాలుగు సిలిండర్ల మస్టాంగ్‌లలోనూ, ఇతర కంపెనీల వాహనాలలోనూ టీ5లు వచ్చాయి. వాటి నిష్పత్తులు, బోల్టు రంధ్రాలు, గేరు రాడ్ స్థానం వేరుగా ఉండవచ్చు. వెనుక భాగంలో బోల్టుకు తగిలించిన లోహపు ట్యాగ్‌పై 1352తో మొదలయ్యే సంఖ్యను బట్టి అది ఏ కారుదో తెలుసుకోండి. ట్యాగ్ లేకపోతే ధర తగ్గించి అడగడంలో తప్పులేదు.

బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కు గేర్‌బాక్స్‌ను కలిపే గంట ఆకారపు తొడుగు) కొనేముందు ఇంజిన్ వెనుక బోల్టులు లెక్కించాలి: 1964 ఆగస్టు ప్రాంతం వరకు వచ్చిన ఇంజిన్లకు ఐదు, ఆ తరువాతివాటికి ఆరు. ఫ్లైవీల్ (ఇంజిన్ వెనుక తిరిగే బరువైన చక్రం) విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 289కి 28 ఔన్స్-అంగుళాల బ్యాలెన్స్ కావాలి; 1980ల 5.0 లీటర్ల మస్టాంగ్ ఫ్లైవీల్ 50ది. గేర్‌బాక్స్‌తోపాటు చవకగా వచ్చిందని దాన్ని బిగిస్తే ఇంజిన్ విపరీతంగా అదురుతుంది. క్లచ్ పెడల్, క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ను మోసే అడ్డ దూలం), స్పీడోమీటర్ గేరు ఖర్చులు ఎటూ తప్పవు.

చివరగా, గేర్‌బాక్స్‌లో ఏ నూనె పోశారో అమ్మేవారిని అడగండి. 1985 నుంచి మస్టాంగ్ వీ8లకు వచ్చిన ‘వరల్డ్ క్లాస్’ రకం టీ5లో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ పోయాలి. చిక్కటి గేర్ ఆయిల్‌తో చాలాకాలం నడిపామని చెబితే, లోపల విప్పి చూపించేవరకు డబ్బు ఇవ్వకండి.