ఛారిటీ షాపుకి సంచి పట్టుకెళ్లే ముందు

అక్కర్లేని వస్తువు ఛారిటీ షాపు (జనం ఇచ్చిన పాత వస్తువులు అమ్మి, ఆ డబ్బు సేవకు వాడే దుకాణం) గడప దాటగానే చెత్త తగ్గిపోదు. దాన్ని ఇంకొకరు కొనుక్కుని వాడుకోవాలి. అమ్ముడుపోనిదాన్ని పారేయించడానికి చాలాచోట్ల షాపే డబ్బు కట్టుకోవాలి. సేవకు పోవాల్సిన సొమ్ము చెత్తబండికి పోతుంది. అందుకే సంచి నింపేటప్పుడు ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకుని, దీన్ని తెలిసినవాళ్లకి మొహమాటం లేకుండా ఇవ్వగలమా అని చూసుకోండి. తటపటాయింపు వచ్చిందా, అది వేరే కుప్పలోకి.

ముందు ఫోన్ చేసి ఏం తీసుకుంటున్నారో, ఏ వేళల్లో తీసుకుంటారో కనుక్కోండి. వెనక గది నిండిపోతే కొన్నాళ్లు తీసుకోవడం ఆపేస్తారు. చలికోటు ఎండాకాలం మొదట్లో ఇస్తే నెలల తరబడి మూల పడి ఉంటుంది. చలి మొదలవడానికి నెల ముందు ఇస్తే వెంటనే హ్యాంగర్‌కి ఎక్కుతుంది.

బట్టలు ఉతికి, పూర్తిగా ఆరాకే సర్దండి. మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో చెమ్మ తువ్వాలు ఒక్కటున్నా చాలు, రెండు మూడు రోజుల్లో ముక్కవాసన మొత్తానికి పట్టేస్తుంది. చాలా షాపుల్లో ముడతలు తీసే ఆవిరి యంత్రం ఉంటుంది, ఉతికే ఏర్పాటు మాత్రం ఉండదు. కాబట్టి ఇస్త్రీ మానేసినా ఫర్వాలేదు, ఉతకడం మానకండి. మరకలు పగటి వెలుతురులో చూడాలి: కాలర్ లోపలి వైపు, చంకలు, మణికట్టు అంచులు. జిప్పు పైదాకా లాగి చూడండి. జేబులు తడమండి, ఇంటి తాళాలు, నోట్లు, మందుబిళ్లలు అందులోనే దొరుకుతుంటాయి. ఊడిన గుండీ కుట్టడానికి ఐదు నిమిషాలు చాలు, అది లేకపోతే మంచి చొక్కా కూడా పీలికల్లోకి పోతుంది. సైజు చీటీ కత్తిరించకండి. కలరా ఉండల వాసన ఉంటే కొన్ని రోజులు గాలికి ఆరేయండి.

చిరిగినవి, వెలిసినవి పనికిరావనుకోకండి. కొన్ని షాపులు వాటిని తూకం లెక్కన పాతగుడ్డల వ్యాపారులకి అమ్ముతాయి. అడిగి, వేరే సంచిలో వేసి, పైన 'పీలికలు' అని రాసి ఇవ్వండి. నూనె, పెయింటు అంటినవి మాత్రం వాళ్లూ తీసుకోరు. చెప్పుల జత విడిపోకుండా రబ్బరు బ్యాండు వేయండి, బూట్లయితే లేసులు ముడేయండి. ఒంటి చెప్పు ఎవరికీ పనికిరాదు. ఇంట్లో నల్లులుంటే అవి పూర్తిగా పోయేదాకా ఏమీ ఇవ్వకండి. ఒక్క సంచితో షాపంతా పాకుతాయి.

గాజు, పింగాణీ సామాను ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, బరువైనవి అడుగున పెట్టండి. పుస్తకాలకి చిన్న పెట్టెలే మేలు. మరీ బరువైతే ఎత్తేవాళ్ల నడుము పట్టేస్తుంది. పాత సిలబస్ పాఠ్యపుస్తకాలు, విజ్ఞాన సర్వస్వాల సంపుటాలు దాదాపు కదలవు. పజిల్ ముక్కలు లెక్కపెట్టి, ఒకటి తగ్గితే పెట్టె మీదే రాయండి. కొన్నాక తెలిస్తే ఆ మనిషి మళ్లీ రాడు.

కరెంటు వస్తువుల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. వాటిని పరీక్షించే మనిషి అన్ని షాపుల్లోనూ ఉండడు కాబట్టి అడిగాకే తీసుకెళ్లండి. తీగ తెగినవి, ప్లగ్గు పగిలినవి వద్దు. ఛార్జర్, రిమోట్ అదే వస్తువుకి టేపుతో అంటించండి. బ్యాటరీలు తీసేయండి: మామూలువి కారి లోపల తుప్పు పట్టిస్తాయి, విడి లిథియం బ్యాటరీ సంచుల బరువుకి నలిగితే నిప్పంటుకోవచ్చు. ఫోన్‌లో ముందు మీ ఖాతా నుంచి బయటికొచ్చి, తర్వాతే రీసెట్ చేయండి. ఈ వరస తప్పితే తాళం పడిపోయి, కొన్నవాళ్లకి అది ఇటుకతో సమానం. కంప్యూటర్‌లో ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన చెరిగిపోవు. హార్డ్ డిస్కు తీసేసి ఇవ్వడమే నయం.

కారులో పెట్టే పిల్లల సీట్లు, హెల్మెట్లు చూడ్డానికి కొత్తగా ఉన్నా ఇవ్వకండి. ఒకసారి దెబ్బ తగిలితే లోపలి పగులు పైకి కనపడదు. ఒక వైపు కమ్మీలు కిందికి జారే పసిపిల్లల మంచాలు కూడా ఇవ్వకండి. పసిపిల్లల ప్రాణాలు పోయాక అమెరికాలో 2011లో వాటి అమ్మకాన్నే నిషేధించారు. వాడిన దిండ్లు, మూత తీసిన సౌందర్య సాధనాలు, మందులు కూడా వద్దు.

మూసిన షాపు ముందు రాత్రిపూట సంచి వదిలి రాకండి. వాన తడుపుతుంది, కుక్కలు చింపుతాయి, పొద్దున్నకి అంతా చెత్తే. షాపు తెరిచి ఉండగా చేతికివ్వండి.

ఇవ్వడం సగమే, కొనాలి కూడా. ఏం కావాలో రాసుకుని, కొలత టేపు వెంట తీసుకెళ్లండి. పాత బట్టల సైజు చీటీలను నమ్మకూడదు, ఉతుకులకి కుంచించుకుపోయి ఉంటాయి. కుట్లు లాగి చూడండి, గిన్నె అడుగు సొట్టపోయిందేమో చదునైన చోట పెట్టి చూడండి. చవక కదా అని అవసరం లేనిది కొంటే షాపు చెత్తను మీ ఇంటికి మోసుకొచ్చినట్టే. కొన్నది నచ్చకపోతే ఉతికి మళ్లీ అక్కడే ఇచ్చేయండి.

వారానికి రెండు గంటలు ఖాళీ ఉంటే కౌంటర్ దగ్గర కాకుండా వెనక గదిలో సంచులు ఏరే పని అడగండి. సరుకు పేరుకుపోయేది అక్కడే. పుస్తకాలో, కెమెరాలో, నేత బట్టలో బాగా తెలిసినవాళ్లయితే ఆ సంగతి ముందే చెప్పండి. విలువైనది చిల్లర ధరకి పోకుండా ఆపగలిగేది మీరే.