పైలట్ హెడ్‌సెట్: పెట్టుకోవడం, చూసుకోవడం ఎలా?

చిన్న విమానాల కాక్‌పిట్‌లో మోత తరచూ 90 డెసిబెల్స్ దాటుతుంది. పనిచోట ఆరోగ్య భద్రతను చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలకు మించి ఉండకూడదు. 88 అయితే 4 గంటలు, 91 అయితే రెండే. అందుకే హెడ్‌సెట్. కానీ ఏఎన్ఆర్ రకం (బ్యాటరీతో పనిచేస్తూ మోతను అణచేది) కొన్నాం, స్విచ్ వేశాం, ఇక చెవులు భద్రం అనుకుంటే పొరపాటే. ఎదురు తరంగం పంపి ఏఎన్ఆర్ అణచేది ప్రధానంగా ఇంజిన్ హోరునే. కీచుమనే శబ్దాలను ఆపేది చెవిని మూసే కప్పు, దాని చుట్టూ ఉన్న మెత్తటి కుషనే.

కాబట్టి ముందు కుషన్ సంగతి చూడండి. చెవి మొత్తం కప్పులో ఇమడాలి. జుట్టు, టోపీ అంచు, లావుపాటి కళ్లజోడు కాడలు మధ్యలో దూరితే సందు పడుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేశాక రెండు కప్పులనూ మెల్లగా నొక్కండి. మోత బాగా తగ్గిందంటే సందు ఉన్నట్టే. సన్న కాడల కళ్లజోడుకి మారితే తేడా తెలుస్తుంది.

రెండు ప్లగ్‌ల రకమైతే లావుది వినడానికి, సన్నది మైక్‌కి. రేడియో పాడైందని కంగారుపడే ముందు రెండూ చివరిదాకా దిగాయో లేదో చూడండి.

మైక్ నోటి మూలన, పెదవులకు 3 నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో, మైక్ మీద గుర్తు వేసిన వైపు పెదవులకేసి ఉండాలి. రెండు వైపులా సమానంగా తగిలే మోతను అది కొట్టేస్తుంది, దగ్గర్నుంచి వచ్చే గొంతునే పంపుతుంది. దూరం జరిపితే మీ మాటనూ మోత కిందే కట్టేస్తుంది.

ఇప్పుడు ఏఎన్ఆర్ వేసి, వాల్యూమ్ తగ్గించండి. నిశ్శబ్దంలో ఎక్కువ అక్కర్లేదు.

ఈ నిశ్శబ్దంతోనే ఒక చిక్కుంది. కొన్ని విమానాల్లో స్టాల్ హారన్ (రెక్కలు విమానాన్ని మోసే పట్టు కోల్పోబోతుంటే హెచ్చరించేది) మోత ఇంటర్‌కామ్‌లోకి రాదు, బయటి నుంచే వినాలి. ఇలాంటి హెడ్‌సెట్లతో హెచ్చరికలు వినిపించకపోవచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2007లోనే పైలట్లను అప్రమత్తం చేసింది. నేల మీదుండగానే ఏఎన్ఆర్ వేసి హారన్ వినిపిస్తోందా చూసుకోండి. ఇంజిన్ తేడాగా నడిచినా చెవి పట్టుకోలేకపోవచ్చు, మీటర్ల మీద కన్నుండాలి. ఒకసారి ఏఎన్ఆర్ ఆపి కూడా వినండి. గాల్లో బ్యాటరీ అయిపోతే ఒక్కసారిగా మోత మీద పడి ఇంజిన్‌కేదో అయిందని టెన్షన్ పుడుతుంది. చాలా మోడళ్లలో అప్పుడు కూడా రేడియో మామూలుగానే పనిచేస్తుంది.

ఇంటికొచ్చాక కుషన్లను కొద్దిగా సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. స్పిరిట్ వద్దు, పైపొర పగులుతుంది. మైక్‌లోకి నీళ్లు పోనివ్వకండి. కుషన్ గట్టిపడినా, చిరిగినా మార్చేయండి. చాలా రోజులు వాడకపోతే బ్యాటరీలు తీసేయండి, కారితే లోపలి కాంటాక్ట్‌లు పాడవుతాయి. వైరు పట్టి లాగొద్దు, ప్లగ్ పట్టుకునే తీయాలి. విమానం ముందద్దం దగ్గర మాత్రం హెడ్‌సెట్ పెట్టకండి. ఎండకి పాడవడం ఒక్కటే కాదు, స్పీకర్లలోని అయస్కాంతాలు దిక్సూచి ముల్లును పక్కకి లాగుతాయి.