క్షౌరకత్తికి పదును పెట్టడం, దానిని నిలుపుకోవడం

మడతపెట్టే క్షౌరకత్తిని నూరడానికి కావలసింది చేతిబలం కాదు, చేతి తేలికదనం. వంటకత్తిని నూరేవారు కోణాన్ని తమ చేత్తోనే నిలుపుకోవాలి, కానీ క్షౌరకత్తికి ఆ పనిని దాని వెన్నే, అంటే పదునుకు ఎదురుగా ఉండే మందపాటి అంచే, చేసిపెడుతుంది. వెన్నునూ వాదరనూ (పదును అంచునూ) ఒకేసారి రాతికి ఆనిస్తే, రెండు వైపుల ఏటవాలులూ కలిసి చాలా కత్తులలో 16, 17 డిగ్రీల దగ్గర కుదురుతాయి. అందువల్ల నూరుతున్నంతసేపూ వెన్ను రాతి మీద నుంచి లేవకూడదు. వెన్ను అరగకుండా దానిపై పలుచని టేపు అతికించే పద్ధతి కూడా ఉంది. అయితే టేపు మందం వల్ల కోణం కొంత పెరుగుతుంది కనుక, ఒకసారి అతికించి నూరిన కత్తికి తరువాత కూడా టేపుతోనే నూరాలి.

రాళ్ల నునుపును గ్రిట్ సంఖ్యతో చెబుతారు; సంఖ్య పెరిగేకొద్దీ రాయి అంత నునుపు. 1000, 4000, 8000, 12000 గ్రిట్ నీటిరాళ్లు ఉంటే ఏ దశకూ లోటు ఉండదు. వాటికన్నా ముందు చూసుకోవలసినది రాయి చదునుగా ఉందా అన్నది. రాతి మీద పెన్సిలుతో గళ్లు గీసి, మందపాటి అద్దంపై పరిచిన నీటి గరుకు కాగితం మీద గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. మధ్యలో గుంటపడిన రాయి మీద ఎంత జాగ్రత్తగా నూరినా వాదర వంకరగానే తయారవుతుంది.

అసలు పనంతా 1000 గ్రిట్ రాతి మీదే జరుగుతుంది. రెండు ఏటవాలులూ వాదర పొడవునా ఒకే సన్నని గీత వద్ద కలవాలి. అది కుదరకుండా నునుపు రాళ్లకు వెళితే మెరుపు వస్తుందే గాని పదును రాదు. వాదరను దీపం కిందికి పైముఖంగా తిప్పి చూసినప్పుడు ఎక్కడైనా తెల్లటి మెరుపు కనిపిస్తే, అక్కడ ఇంకా మొద్దుగా ఉందని అర్థం. ఏటవాలుకు మార్కరు సిరా పూసి ఒక్కసారి రాతి మీద నడిపితే, సిరా మిగిలిన చోటుకు రాయి తగలడం లేదని కూడా తెలిసిపోతుంది. అటువంటి చోట గట్టిగా నొక్కాలనిపిస్తుంది గాని నొక్కకూడదు, ఎందుకంటే రెండు పక్కలా గుంటగా అరగదీసి పలుచన చేసిన అలుగు ఒత్తిడికి వంగి, వాదరకు బదులు దాని వెనుక భాగం అరుగుతుంది.

రాతిని తడిపి, వాదర ముందు నడిచేలా, పిడి వైపు చివర నుంచి కొన దాకా రాతికి తగిలేలా కత్తిని ఏటవాలుగా జరపాలి. రాతి చివరకు చేరాక వాదరను పైకి లేపి, వెన్ను మీదుగా తిప్పి, రెండో వైపుతో వెనక్కి రావాలి. రాయి మారేకొద్దీ ఒత్తిడి తగ్గుతూ, 8000కు వచ్చేసరికి కత్తి బరువు ఒక్కటే మిగలాలి. ముందటి రాయి గీతలు పూర్తిగా పోయిన తరువాతే తరువాతి రాతికి వెళ్లాలి. దీనికి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఎంతో ఉపయోగపడుతుంది. చివరి మెరుగుకు 12000 రాతికి బదులు, బెల్జియంలోని ఆర్డెన్ ప్రాంతంలో దొరికే కోటిక్యూల్ అనే లేతపసుపు రాతిని వాడేవారూ ఉన్నారు. దానిలోని సన్నని గార్నెట్ రేణువులే ఇనుమును అరగదీస్తాయి.

నూరడం అయ్యాక వాదరను సరిచేసుకునే తోలుపట్టీ మీద దిశ తారుమారవుతుంది: వెన్ను ముందు, వాదర వెనుక. పట్టీని బిగువుగా లాగి పట్టుకోవాలి. అది వదులైతే తోలు వాదర చుట్టూ వంగి దానిని గుండ్రం చేస్తుంది. గడ్డం గీసుకునే ముందు ప్రతిసారీ గుడ్డపట్టీ మీద ఇరవై సార్లు, తోలు మీద యాభై సార్లు నడిపితే సరిపోతుంది. మలుపు దగ్గర తొందరపడితే తోలు తెగుతుంది కాబట్టి, వెన్ను తోలు మీద ఆగిన తరువాతే కత్తిని తిప్పాలి. కొత్తవారికి నా సలహా, రాళ్లు కొనేముందు నెలరోజులు ఈ పట్టీ పనే సాధన చేయమని.

జర్మనీలోని సోలింగెన్‌లో, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన పాత కత్తులు చాలావరకు కార్బన్ ఉక్కువి, అవి తడికి ఇట్టే తుప్పు పడతాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం. వాడిన వెంటనే కడిగి, మెత్తని గుడ్డతో వెన్ను నుంచి వాదర వైపుకు తుడిచి, కాసేపు తెరిచి ఆరనిచ్చిన తరువాతే మడవాలి. పిడి కీలులోకి నీరు పోనీయకూడదు, స్నానాలగదిలో ఉంచకూడదు. కొన్నాళ్లు వాడకుండా దాచేటప్పుడు కుట్టుమిషను నూనె చుక్క పలుచగా పూయాలి; కొబ్బరినూనె కాలక్రమంలో జిడ్డుకట్టి పేరుకుపోతుంది.

ఒకరి కత్తిని మరొకరు వాడకూడదు. హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ వంటివి రక్తం ద్వారా వ్యాపిస్తాయి కనుకనే సెలూన్లలో ఇప్పుడు ప్రతి మనిషికీ బ్లేడు మార్చే కత్తులు వాడుతున్నారు.

వెంట్రుక తెగకుండా లాగుతున్నట్టు అనిపిస్తే మొదట తోలుపట్టీనే నమ్ముకోవాలి. అప్పటికీ కుదరకపోతే 12000 రాతి మీద పది పన్నెండు సార్లు తేలికగా నడిపితే చాలు. వాదరలో పెచ్చు ఊడినప్పుడు, కత్తి రాతిమీద పడినప్పుడు మాత్రమే మళ్లీ 1000 గ్రిట్ రాయి తీయాలి.