కానోపీ (కాక్‌పిట్ మీది అద్దంలాంటి మూత) లోపల తెల్లటి మసక: నేవీ డే మోడళ్లకు ఏటా వచ్చే సమస్య

ఏటా నవంబర్ ఆఖరి వారం వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తాయి. నేవీ డే అయిన డిసెంబర్ 4న స్కూల్లోనో కాలనీ హాల్లోనో పెట్టడానికి ఎవరో సీ హాక్ యుద్ధ విమానం ప్లాస్టిక్ మోడల్ చేసి ఉంటారు. 1971 యుద్ధంలో అదే రోజు విమానవాహక నౌక విక్రాంత్ మీద నుంచి లేచి, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసిన విమానం అది. 1/72 స్కేల్లో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, దాదాపు 17 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. రంగు చక్కగా కుదురుతుంది కానీ ఎక్కడో ఒకచోట తెల్లబారి ఉంటుంది. అడిగేది కూడా ఒకటే: "అన్నా, వార్నిష్ పాడైందా?"

వార్నిష్ సంగతి తర్వాత. ముందు ఇయర్‌బడ్ తడిపి ఆ తెలుపు మీద అద్దండి. టార్చ్ ఏటవాలుగా పట్టుకుని, తెలుపు పైన ఉందో, అడుగున ఉందో, లోపల ఉందో చూడండి. అర నిమిషం పని. ఇది చూడకుండా ఇంకో కోటు కొట్టేసి మోడల్ పాడుచేసుకున్నవాళ్లు ఎంతమందో. దయచేసి ముందు చూడండి.

సమస్య: ఒళ్లంతా బూడిద చల్లినట్టుంది, తడి తగిలితే పోయి ఆరగానే తిరిగొస్తోంది

ఇది పైపొరలోనే ఉంది. వార్నిష్ సీసా అడుగున పేరుకున్న మ్యాట్ పొడి (మెరుపు తగ్గించేది) సరిగా కలవలేదు, లేదా గాలిలో తేమ ఉన్నప్పుడు స్ప్రే చేశారు. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో రాత్రి పూట డాబా మీద స్ప్రే క్యాన్ కొడితే ఇదే జరుగుతుంది. ఎండగా ఉన్న మధ్యాహ్నం పల్చగా ఒక గ్లాసీ (మెరిసే వార్నిష్) కోటు వేసి, అది పూర్తిగా ఆరాక మళ్లీ మ్యాట్ కొట్టండి. చాలాసార్లు సరిపోతుంది.

సమస్య: రౌండెల్ (విమానం మీది గుండ్రటి జాతీయ చిహ్నం) చుట్టూ మాత్రమే వెండిలా మెరుస్తోంది, తడికి మారడం లేదు

డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తు) కింద గాలి చిక్కుకుంది. గరుకుగా ఉన్న మ్యాట్ రంగు మీద నేరుగా అతికించారు. సూదితో అక్కడక్కడా పొడిచి డెకాల్ సాఫ్ట్‌నర్ పెట్టండి. మర్నాడు మళ్లీ పెట్టండి. ఈసారి డెకాల్ వేయడానికి ముందు గ్లాసీ కోటు తప్పనిసరి.

సమస్య: రాత్రి అద్దంలా ఉన్న కానోపీ పొద్దున్నకి లోపల మసకబారింది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. మొదటిసారి జరిగినప్పుడు కానోపీ అతికించిన జిగురునే అనుమానించాను. కానీ నేను వాడింది తెల్ల జిగురు, దాంతో మసక రాదు. కానోపీ పీకి, పాలిష్ చేసి, మళ్లీ అదే జిగురుతో అతికించాను. రెండు రోజులకి మళ్లీ మసక. ఈసారి అందులో నా బొటనవేలి ముద్ర గీతలతో సహా తెల్లగా కనిపించింది. అది చూశాక గాని అర్థం కాలేదు.

అసలు కారణం ముక్కులో ఉంది. సీ హాక్‌కి ముందు చక్రం ఉంటుంది, ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూర్చుంటుంది. నాట్, మిగ్-21 విమానాల మోడళ్లు చేసేవాళ్లకీ ఇది తెలిసిందే. ఆ బరువు కదలకుండా మనం సూపర్ గ్లూ ధారాళంగా పోస్తాం. పల్చటి గీతగా వేస్తే వెంటనే గట్టిపడే ఆ జిగురు, మడుగులా నిలిస్తే లోపల పచ్చిగానే ఉండి రోజుల తరబడి ఆవిరి వదులుతుంది. విమానం లోపలంతా డొల్ల, డ్యాష్‌బోర్డు వెనక సందులుంటాయి. ఆవిరి ఆ సందుల్లోంచి కాక్‌పిట్‌లోకి వచ్చి, బయటకి దారి లేక కానోపీకి పడుతుంది. తేమ, వేలి జిడ్డు ఉన్నచోట ముందుగా పడుతుంది. పోలీసులు వేలిముద్రలు బయటపెట్టడానికి పెట్టెలో ఈ ఆవిరినే పట్టిస్తారు. మనం తెలియకుండా అదే పని మోడల్ లోపల చేస్తున్నాం.

జిగురు వాడింది ఒకచోట, మసక వచ్చేది ఇంకోచోట. పైగా ముక్కు మూసేసి వారం దాటి ఉంటుంది కాబట్టి ఎవరికీ అటు అనుమానం పోదు. కాబట్టి కానోపీ మసకబారిందని ఎవరైనా అంటే నేను అడిగే మొదటి ప్రశ్న: ముక్కులో బరువు దేంతో అతికించారు?

బాగు చేయడం ఇలా. కానోపీని తెల్ల జిగురుతో అతికించి ఉంటే అంచు పొడవునా తడి దూది పెట్టి కొన్ని గంటలు వదిలేయండి, మెత్తబడి ఊడొస్తుంది. సూపర్ గ్లూతోనే అతికించి ఉంటే బలవంతం చేయొద్దు, పగులుతుంది. అసిటోన్ అసలు దగ్గరికి రానీయొద్దు, ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. ఊడొచ్చిన కానోపీని తెల్ల టూత్‌పేస్ట్, మెత్తటి గుడ్డతో లోపలివైపు నెమ్మదిగా రుద్ది, కడిగి ఆరబెట్టండి. తర్వాత గ్లాసీ యాక్రిలిక్ వార్నిష్‌లో ముంచి, అంచు టిష్యూకి ఆనించి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించండి. అది ఆరేలోగా కాక్‌పిట్ వెనక సందుల్ని ఎపాక్సీ పుట్టీతో మూసేయండి. మూయకుండా కానోపీ పెడితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

కొత్తగా చేసేవాళ్లు బరువుని రెండు ట్యూబుల ఎపాక్సీతోనే అతికించండి. సీసపు గుళ్లకి తెల్ల జిగురు కూడా వద్దు. ఆ రెండూ కలిస్తే ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి ముక్కు పగలొచ్చు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1971లో విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే మునిగింది. ఆనాటి బ్లాకౌట్ రాత్రులు గుర్తున్న మా వీధి పెద్దాయన ఒకరు మోడల్ చూడ్డానికి వచ్చి, కళ్లజోడు సర్దుకుని ముందు వంగి చూసింది కాక్‌పిట్‌లోకే. అక్కడ తెల్లటి మసక తప్ప ఆయనకేమీ కనిపించలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మిగతావి

మాస్కింగ్ టేపు పీకితే రంగు లేచొస్తోందంటే చాలాసార్లు విడిభాగాల్ని రంగు వేసేముందు సబ్బు నీళ్లతో కడగలేదన్నమాట. థిన్నర్‌కి ప్లాస్టిక్ బీటలివ్వడం అరుదు, దాని గురించి టెన్షన్ పడొద్దు.

యాక్రిలిక్ పెట్టెలో పెట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త. చక్రాల్ని బేస్‌కి సూపర్ గ్లూతో అతికించి అదే రోజు మూత పెడితే పెట్టె లోపలంతా మసకే. రెండు మూడు రోజులు తెరిచే ఉంచండి.

ఇది చదివేసరికి డిసెంబర్ 3 అయిపోయి, ముక్కులో సూపర్ గ్లూ ఇప్పటికే పోసేసి ఉంటే కానోపీ మూయకండి. సీ హాక్ కానోపీ వెనక్కి జరుగుతుంది. తెరిచిన స్థానంలో పెట్టి, రెండు చుక్కల తెల్ల జిగురుతో ఆపండి. డెక్ మీద పైలట్ కోసం ఎదురుచూస్తున్న విమానంలా ఉంటుంది, ఆవిరికీ దారి దొరుకుతుంది.