పాతబస్తీని ఒక రోజులో కాలినడకన చూడటం ఎలా

హైదరాబాదు పాతబస్తీకి వచ్చేవారిలో చాలామంది ఆటోలో నేరుగా చార్మినార్ దగ్గర దిగి, నాలుగు ఫోటోలు తీసుకుని, రెండు జతల గాజులు కొనుక్కుని, గంటన్నరలో వెనుదిరుగుతారు. ఈ నగరాన్ని కట్టినవారు మనం దానిని ఎటునుంచి, ఏ వరుసలో చూడాలో ముందే ఆలోచించి పెట్టారు. కనుక ఉత్తరాన మూసీ ఒడ్డు నుంచి నడక ప్రారంభించి, చార్మినార్‌ను దూరం నుంచి చూస్తూ చేరుకోవాలన్నది నా గట్టి సలహా.

ముందుగా రోజును సరిగా ఎంచుకోవాలి. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం శుక్రవారం తెరవరు. మక్కా మసీదులో ఆ రోజు జుమ్మా నమాజుకు వేలమంది వస్తారు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ రద్దీ ఎక్కువ. మంగళ, బుధవారాలలో వెళ్తే నెమ్మదిగా చూడవచ్చు. మెట్రోలో వచ్చేవారు ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి, ఆటోలో నయాపూల్ చేరుకోవచ్చు. అక్కడి నుంచి చార్మినార్‌కు సుమారు ఒక కిలోమీటరు దూరం. సులభంగా విప్పి తొడుక్కోగల చెప్పులు, ఒక నీళ్ళ సీసా, తల కప్పుకోవడానికి ఒక చున్నీ లేదా రుమాలు ఉంటే చాలు. పెద్ద బ్యాగులు తీసుకురాకపోవడమే మంచిది.

ఉదయం ఎనిమిది గంటలకు నయాపూల్ వంతెన దాటితే, మదీనా కూడలికి చేరువలో బాద్షాహీ అషూర్ఖానా, అంటే మొహర్రం సంతాప మందిరం, ఉంటుంది. దీనిని చూడకుండా ముందుకు సాగేవారే ఎక్కువ, అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో వెలసిన ఈ కట్టడం లోపలి గోడలను 1611 ప్రాంతంలో పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల మెరుపు పలకలతో తీర్చిదిద్దారు. గోడకు కాస్త దగ్గరగా నిలబడి, చేయి తగిలించకుండా, పైనుంచి కిందికి పరిశీలించండి. పైభాగంలో చిన్నచిన్న పలకలు ఒకదానిలో ఒకటి ఒదిగి పీర్ల ఆకృతులుగా విచ్చుకుంటాయి; కిందిభాగంలో కొన్నిచోట్ల పలకలకు బదులు వాటిని పోలిన రంగుల పూత మాత్రమే కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న పోటెత్తిన మూసీ ఇక్కడికీ వచ్చి, నీరు తాకిన మేర పలకలను పాడుచేసింది. ఇది నేటికీ భక్తులు వచ్చే స్థలం కనుక చెప్పులు బయట విడిచి, అనుమతి అడిగిన తరువాతే ఫోటోలు తీయాలి. మొహర్రం రోజులలో పీర్లను నిలుపుతారు. అప్పుడు సందర్శకులుగా గాక అతిథులుగా మెలగడం ధర్మం.

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద అత్తరు, ముత్యాల దుకాణాలు అప్పటికింకా తెరవవు కాబట్టి ఆగనక్కర లేదు. మచ్లీ కమాన్ దాటగానే గుల్జార్ హౌజ్ వస్తుంది. ఆ చిన్న నీటి తొట్టి పక్కన నిలబడి ఒకసారి చుట్టూ చూస్తే నాలుగు దిక్కులా నాలుగు కమానులు ఉంటాయి: ఉత్తరాన మీరు దాటివచ్చిన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట ఒకప్పుడు రాజభవనాలకు దారితీసిన సెహరే బాతిల్ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. ఈ చివరి దానిలోంచి చార్మినార్ ద్వారబంధంలో నిలిచిన బొమ్మలా కనిపిస్తుంది. నడిచి రమ్మని మొదటే చెప్పింది ఈ దృశ్యం కోసమే.

చార్మినార్‌ను 1591లో కట్టించిన మహమ్మద్ కులీ, తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన ఇబ్రహీం కుతుబ్‌షాకు కుమారుడు. నగర నిర్మాణ ప్రణాళికను మహమ్మద్ కులీ పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ రూపొందించారు. చార్మినార్ నాలుగు కమానులలో నుంచి నాలుగు వైపులా సాగే దారులే దానికి ఆనవాళ్ళు. పైకి వెళ్ళడానికి తొమ్మిదింటికి టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టగానే ఎక్కడం మేలు, ఎందుకంటే మెలికలు తిరిగే మెట్లు ఇరుకుగా, ఎత్తుగా ఉంటాయి, ఎదురుగా దిగేవారు వస్తే ఒదిగి నిలబడవలసి వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు కిందనే ఉండి గచ్చు పూలపని చూడవచ్చు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం 1889లో చేర్చినవి.

పక్కనే ఉన్న మక్కా మసీదుకు నమాజు వేళలు కాని సమయంలో, అంటే పది గంటల ప్రాంతంలో వెళ్ళాలి. 1617లో మొదలుపెట్టింది సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా. గోల్కొండ మొఘలుల వశమైన తరువాత 1694లో పూర్తి చేయించింది ఔరంగజేబు. మక్కా నుంచి తెప్పించిన మట్టితో చేసిన ఇటుకలను మధ్య కమానులో వాడటం వల్ల ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఆవరణలో రెండవ నిజాం నుంచి ఆరవ నిజాం వరకు పాలించినవారి సమాధులున్నాయి. మొదటి నిజాం ఖుల్దాబాదులో, చివరి నిజాం కింగ్‌కోఠీలోని మసీదులో నిద్రిస్తున్నారు.

అక్కడి నుంచి ఖిల్వత్ వైపు నడిస్తే చౌమహల్లా. దీనికి కనీసం రెండు గంటలు కేటాయించండి. దర్బారు మందిరంలో 19 బెల్జియం షాండ్లియర్ల కింద, పాలరాతి గద్దెకు ఎదురుగా కాసేపు ఊరికే నిలబడటం, హడావిడిగా అన్ని గదులూ తిరగడం కంటే మంచిది. పిల్లలు వెంట ఉంటే 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ కారు దగ్గర ఆగక తప్పదు.

భోజనం ముగించి, మహబూబ్ చౌక్ గడియార స్తంభం మీదుగా లాడ్ బజారులోకి పడమటి వైపు నుంచి ప్రవేశించండి. ఇక్కడి దుకాణాలు మధ్యాహ్నానికి గాని పూర్తిగా పుంజుకోవు. గాజులు కొనేముందు అవి తయారయ్యే చోటు చూపించమని అడిగితే చాలామంది సంతోషంగా చూపిస్తారు. కుంపటి సెగకు మెత్తబడిన లక్కను కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, ఆ వేడి చల్లారేలోపు మెరుపు రాళ్ళను ఒక్కొక్కటిగా అద్దుతారు. వేళ్ళు కాలకుండా, వరుస తప్పకుండా సాగే ఆ పనిని పది నిమిషాలు చూసినవారికి బేరం ఎంతవరకు ఆడాలో తెలుస్తుంది. 2-4, 2-6 అని మీ సైజు ముందే తెలుసుకుని ఉంచుకోండి. కొన్న గాజులను ఎండలో నిలిపిన కారులో వదలకండి, లక్క మెత్తబడుతుంది.

సాయంత్రం చార్మినార్ నీడలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని తిరుగుముఖం పట్టవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియాన్ని మాత్రం ఇదే రోజులో ఇరికించకండి. దానికి మరో పూట కావాలి. ఆ రోజు ఉదయం పదింటికే వెళ్ళి, ముసుగు రెబెక్కా శిల్పాన్ని తీరికగా చూసి, పదకొండున్నరకల్లా అక్కడి సంగీత గడియారం ఎదుటి బెంచీల మీద చోటు చూసుకోండి. పన్నెండింటికి గడియారంలోని గడ్డం ఉన్న చిన్ని బొమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చి గంట మోగించడం మొదలుపెడుతుంది. పన్నెండు గంటలూ మోగేది ఆ వేళకే.